తంతుశిల్పి కరోథర్స్

వస్త్రం, నిప్పు – రెండూ మానవ నాగరికతకు తొలిమెట్లే. అయినా ఆ రెండింటికీ పుట్టుకతో వచ్చిన వైరం. నూనెలో తడిపి వాలానికి చుట్టిన పాతబట్టలు లంకానగరాన్ని కాల్చివేయటానికి చాలాయి. నిప్పుకు లొంగని బట్ట ఒకటుంటే బాగుండునన్న కోరిక మన పూర్వులకూ కలిగింది. దేవీమాహాత్మ్యంలో శుంభాసురుని సంపదను వర్ణించే సందర్భంలో, అగ్నిదేవుడు అతనికి సమర్పించిన అగ్నిశౌచ వస్త్రాల జత ప్రసక్తి వస్తుంది. నీటితో కాక నిప్పుతో శుభ్రపడే వస్త్రాలని ఆ మాటకు అర్థం. మాసిన బట్టను మంటలో వేస్తే మురికి మాత్రమే కాలి, బట్ట తళతళలాడుతూ బయటికి రావాలి! ఇది కేవలం కవికల్పన కాకపోవచ్చు. రాతినార అనే ఖనిజంతో నేసిన ఇటువంటి బట్టలు గ్రీకులకు, రోమనులకు, చైనీయులకు ప్రాచీనకాలం నుంచే తెలుసు. అయితే ఆ నార నలుసులు ఊపిరితిత్తులలో చేరి ప్రాణాంతక వ్యాధులకు కారణమవుతాయని ఇరవయ్యో శతాబ్దంలో తేలింది. నిప్పు నుంచి కాపాడేది శ్వాసను హరిస్తుందని తెలిశాక దానిని విడిచిపెట్టక తప్పలేదు.

మామూలు బట్టకే రక్షణ కల్పించటం మరొక మార్గం. వాయునియమాల పాఠంలో ఇంటర్మీడియట్ విద్యార్థులకు పరిచితుడైన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గే-లుసాక్, పద్దెనిమిదవ లూయీ రాజు కోరికపై ఈ పని చేపట్టాడు. ఆనాటి నాటకశాలలలో దీపాలు తెరలకు అంటుకొని ఘోర ప్రమాదాలు జరిగేవి. అమ్మోనియం లవణాలు, బొరాక్స్ వంటివాటిని నీటిలో కరిగించి బట్టకు పట్టిస్తే మంట వ్యాపించదని ఆయన 1821లో ప్రకటించాడు. అది గొప్ప మేలే. కానీ ఎంతైనా పైపూత. బట్టను ఉతికితే ఆ లవణం నీటితోపాటే పోతుంది. పోగు స్వభావం ఎప్పటిలాగే ఉండిపోతుంది.

పైన పూసేదానితో కాక, పోగు పుట్టుకలోనే నిప్పును తట్టుకొనే గుణాన్ని నిలపాలంటే అసలు పోగు అంటే ఏమిటో ముందుగా తెలియాలి. దానిలో అణువుల కూర్పు ఏ తీరున ఉందో, ఆ కూర్పు మనిషి చేతికి సాధ్యమో కాదో తేలాలి. ఈ చిక్కుముడిని విప్పినవాడు అమెరికా దేశపు రసాయన శాస్త్రజ్ఞుడు వాలెస్ హ్యూమ్ కరోథర్స్. లోకం ఆయనను నైలాన్ సృష్టికర్తగా మాత్రమే ఎరుగును. నైలాన్ నిప్పును తట్టుకోలేదు, కరిగిపోతుంది. అయినా నేడు అగ్నిమాపక దళంవారు తొడిగే కోటులోని పోగుకు వంశవృక్షం గీస్తే మొదట వ్రాయవలసిన పేరు ఆయనదే.

కరోథర్స్ 1896 ఏప్రిల్ 27న అయోవా రాష్ట్రంలోని బర్లింగ్‌టన్ పట్టణంలో జన్మించాడు. నలుగురు సంతానంలో ఆయనే పెద్దవాడు. తండ్రి ఐరా కరోథర్స్ డెమాయిన్ నగరంలో ఒక వాణిజ్య కళాశాలలో అధ్యాపకుడు. కుమారుడు మొదట ఆ కళాశాలలోనే చేరి లెక్కలు వ్రాయటం, ఉత్తరప్రత్యుత్తరాలు నడపటం నేర్చుకొని 1915లో బయటికి వచ్చాడు. మనస్సు మాత్రం విజ్ఞానశాస్త్రం మీదనే. అదే సంవత్సరం మిస్సోరీ రాష్ట్రంలోని టార్కియో కళాశాలలో చేరాడు. చదువుకు డబ్బు చాలదు. అందువల్ల వాణిజ్య విభాగంలో పాఠాలు చెబుతూ, రసాయనశాస్త్ర విభాగంలో పాఠాలు వినేవాడు. ఇంతలో రసాయనశాస్త్ర ఆచార్యుడు వేరొక విశ్వవిద్యాలయానికి వెళ్ళిపోయాడు. ఆ స్థానంలో బోధించటానికి ఎవరూ దొరకక, కళాశాలవారు ఇంకా పట్టా పుచ్చుకోని ఈ విద్యార్థికే ఆ బాధ్యతను అప్పగించారు. తోటి విద్యార్థులకు గురువై, తానూ విద్యార్థిగానే ఉంటూ 1920లో ఆయన పట్టభద్రుడయ్యాడు.

తరువాత ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో 1921లో స్నాతకోత్తర పట్టాను, మధ్యలో ఒక సంవత్సరం ఉద్యోగం చేసి తిరిగివచ్చి, రోజర్ ఆడమ్స్ పర్యవేక్షణలో 1924లో డాక్టరేటును సంపాదించాడు. అక్కడే కార్ల్ మార్వెల్ అనే యువ అధ్యాపకునితో స్నేహం కుదిరింది. ఈ పేరు మళ్ళీ కథ చివర వస్తుంది. 1926లో కరోథర్స్ హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో బోధకుడుగా చేరాడు. ఆయన జ్ఞానం అపారం. కానీ తరగతి ముందు నిలబడి మాట్లాడటమంటే భయం. మితభాషి. సంగీతమంటే ప్రాణం. విస్తారంగా చదివేవాడు. యౌవనం నుంచే అప్పుడప్పుడు కారణం తెలియని గాఢమైన విషాదం ఆయనను కమ్ముకొనేది. అది మనోదౌర్బల్యం కాదు, వ్యాధి. దానికి తగిన చికిత్స ఆ రోజులలో లేదు.

ఆ కాలంలో విల్మింగ్‌టన్ నగరంలోని డ్యూపాంట్ కంపెనీ రసాయన విభాగాధిపతి చార్లెస్ స్టైన్ ఒక కొత్త ఆలోచన చేశాడు. వెంటనే లాభం తెచ్చే వస్తువుల కోసం కాక, ప్రకృతి రహస్యాలను తెలుసుకోవటం కోసమే కంపెనీలో ఒక పరిశోధనాగారం నెలకొల్పాలని సంకల్పించాడు. వ్యాపార సంస్థలో ఇది అరుదు. దాని సేంద్రియ రసాయన విభాగానికి నాయకుడుగా కరోథర్స్‌ను ఆహ్వానించాడు. ఆయన మొదట నిరాకరించాడు. తనను తరచుగా మానసిక అస్వస్థత పీడిస్తుందనీ, విశ్వవిద్యాలయంలో కంటె కంపెనీలో అది ఎక్కువ ఇబ్బంది కలిగించవచ్చుననీ దాపరికం లేకుండా వ్రాశాడు. ఉద్యోగం ఇస్తామన్నవారికి తన లోపాన్ని తానే ముందుగా చెప్పుకొనేవారు అరుదు. కంపెనీవారు వెనుదీయలేదు. హార్వర్డ్‌లో నెలకు 267 డాలర్లు వస్తుండగా 500 డాలర్లు ఇస్తామన్నారు. కోరిన అంశంపై పరిశోధించుకొనే స్వేచ్ఛ కూడా ఇచ్చారు. 1928 ఫిబ్రవరిలో ఆయన విల్మింగ్‌టన్ చేరుకున్నాడు.

అప్పటికి రసాయనశాస్త్రంలో ఒక పెద్ద వివాదం నడుస్తూ ఉంది. పట్టు, పత్తి, రబ్బరు – ఇవి దేనితో ఏర్పడ్డాయి? చిన్న చిన్న అణువులే ఏదో అంతుపట్టని ఆకర్షణతో గుమికూడి ఉంటాయని అధిక సంఖ్యాకుల నమ్మకం. కాదు, వేలకొలది పరమాణువులు మామూలు రసాయన బంధాలతోనే గొలుసుగా ఏర్పడిన బృహదణువులివి అని జర్మనీకి చెందిన హెర్మన్ స్టాడింజర్ 1920 నుంచి వాదిస్తున్నాడు. ఆయన మాటను పరిహసించినవారే ఎక్కువ. కరోథర్స్ వాదానికి దిగలేదు. అటువంటి గొలుసును మెట్టుమెట్టుగా తానే కట్టి చూపిస్తే వివాదం దానంతటదే సమసిపోతుందని భావించాడు. అవతలివారిని మాటలతో గెలవటం కంటె చేసి చూపటం కష్టమైన దారి. ఆయన దానినే ఎంచుకున్నాడు.

ఆయన పద్ధతిని గ్రహించటం కష్టం కాదు. ఒక్క చేయి మాత్రమే ఉన్న అణువులు ఇద్దరిద్దరుగా చేయి కలిపి ఆగిపోతాయి. రెండు చేతులున్న అణువులైతే ఒకరి చేయి ఒకరు పట్టుకొని కోలాటపు బారులాగా ఎంత పొడవైనా సాగవచ్చు. ఆమ్లం, ఆల్కహాలు చేయి కలిపిన ప్రతిచోట ఒక నీటి అణువు జారిపోతుంది. ఎస్టర్ బంధం ఏర్పడుతుంది. ఈ చర్యలన్నీ పూర్వం నుంచి తెలిసినవే. వాటితోనే బారు సాగుతుంటే ఇక అంతుపట్టని ఆకర్షణలతో పని ఏముంది? 1929లో ఆయన ప్రకటించిన వ్యాసంలో పాలిమర్లను సంకలన పాలిమర్లు, సంఘనన పాలిమర్లు అని రెండుగా విభజించాడు. నేటి రసాయనశాస్త్ర పాఠంలో విద్యార్థులు చదివే విభజన అదే.

కాని బారు ఒక హద్దు దాటలేదు. అంతకుముందు ఎమిల్ ఫిషర్ అనే మహాశాస్త్రజ్ఞుడు నిర్మించిన అత్యంత పెద్ద అణువు భారం సుమారు 4,200. కరోథర్స్ బృందం దానిని దాటి అయిదారు వేలకు చేరి నిలిచిపోయింది. ఆయన కారణాన్ని వెదికి పట్టుకున్నాడు. జారిపోయిన నీరు పాత్రలోనే ఉండి, కలిసిన చేతులను మళ్ళీ విడదీస్తూ ఉంది. ఆ నీటిని తొలగించాలి. అందుకు ఒక పరికరాన్ని అమర్చారు. వేడి పదార్థానికి అతి సమీపంలో చల్లని తలం ఉంచి, గాలిని తీసివేస్తే, వెలువడిన ప్రతి నీటి అణువూ ఆ చల్లని తలం మీదనే చిక్కుకొంటుంది.

1930 ఏప్రిల్ నెల ఆ ప్రయోగశాలకు మరపురానిది. ఆ నెలలో ఆర్నాల్డ్ కాలిన్స్ అనే సహచరుడు, నోటర్‌డామ్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు జూలియస్ న్యూలాండ్ ఎసిటిలీన్‌పై చేసిన పరిశోధనలను ఆధారం చేసుకొని పనిచేస్తుండగా, పాత్రలో బంతిలాగా ఎగిరే ఒక ముద్ద కనిపించింది. అదే తరువాత నియోప్రీన్ అని పేరుపొందిన కృత్రిమ రబ్బరు. దాని గొలుసులో క్లోరిన్ పరమాణువులు ఉన్నందువల్ల మామూలు రబ్బరులాగా అది భగ్గున మండదు. మంట తొలగిస్తే ఆరిపోతుంది. అణువు కూర్పు మారితే నిప్పుతో దాని నడవడి కూడా మారుతుందనటానికి ఇది ఆ ప్రయోగశాలలోనే కనిపించిన దృష్టాంతం. అప్పుడు మాత్రం అందరి దృష్టీ దాని సాగే గుణం మీదనే నిలిచింది.

అదే నెలలో జూలియన్ హిల్ అనే మరొక సహచరుడు ఆ నీటిని తొలగించే పరికరంతో 12,000కు పైగా అణుభారం గల పాలిఎస్టర్‌ను తయారుచేశాడు. కరిగిన ఆ పదార్థంలో గాజుకడ్డీ ముంచి పైకి తీస్తే దారం వచ్చింది. చల్లారిన తరువాత లాగితే తెగక, ఎన్నో రెట్లు సాగి, పట్టులాగా మెరిసింది. సాగిన కొద్దీ బలం పెరిగింది. చిందరవందరగా ఉన్న గొలుసులన్నీ లాగినప్పుడు ఒకే దిక్కుకు సర్దుకోవటమే దీనికి కారణం. ఒకరోజు నాయకుడు ఊళ్ళోకి వెళ్ళిన సమయం చూసి, ఆ యువకులు దారం కొస పట్టుకొని అది ఎంతదూరం సాగుతుందో చూడటానికి నడవ పొడవునా పరుగులు తీశారట. గంభీరమైన పరిశోధనాగారంలో పసిపిల్లల ఆట! చిన్న అణువులను గొలుసుగా కట్టి మనిషి పట్టు వంటి పోగు తీయగలడని తేలింది ఆ ఆటలోనే.

ఆ పోగు బట్టకు మాత్రం పనికిరాలేదు. వేడినీటికే మెత్తబడేది. ఇస్త్రీపెట్టె సంగతి చెప్పనక్కరలేదు. కరోథర్స్ కొంతకాలం దానిని పక్కన పెట్టాడు. స్టైన్ స్థానంలో విభాగాధిపతి అయిన ఎల్మర్ బోల్టన్ కంపెనీకి ఉపయోగపడే ఫలితం కావాలని కోరాడు. 1934లో కరోథర్స్ మళ్ళీ పనికి పూనుకున్నాడు. ఈసారి ఎస్టర్ బంధాన్ని విడిచి ఎమైడ్ బంధాన్ని ఎంచుకున్నాడు. పట్టులోను, ఉన్నిలోను ప్రకృతి వాడుకున్నది ఈ బంధాన్నే. ఒక గొలుసులోని ఎమైడ్ బంధం పక్క గొలుసులోని దానిని హైడ్రోజన్ బంధంతో పట్టుకొంటుంది. గొలుసులు విడివడటానికి ఎక్కువ వేడి కావాలి. పట్టుపురుగు నుంచి పాఠం నేర్చుకోవటానికి ఆయన చిన్నతనపడలేదు.

1935 ఫిబ్రవరి 28న జెరార్డ్ బెర్షే అనే సహచరుడు, ఆరు కార్బన్లున్న ఎమీన్‌ను, ఆరు కార్బన్లున్న ఆమ్లాన్ని కలిపి ఒక పాలిమర్‌ను తయారుచేశాడు. నైలాన్-6,6 అన్న పేరులోని అంకెలు ఆ కార్బన్ల సంఖ్యే. దాని ద్రవీభవన స్థానం సుమారు 265 డిగ్రీల సెల్సియస్. నీరు దానిని ఏమీ చేయలేదు. నిజానికి కరోథర్స్‌కు నచ్చినది 5, 10 అంకెల పాలిమర్. ముడిపదార్థాలు బెంజీన్ నుంచి సులభంగా లభిస్తాయని 6,6ను నిర్ణయించినవాడు బోల్టన్. ఆ నిర్ణయం సరైనదేనని కాలం నిరూపించింది.

కీర్తి ఆయనను వెదుక్కుంటూ వచ్చింది. 1935లో కేంబ్రిడ్జిలో ఫారడే సొసైటీ పాలిమర్లపై జరిపిన సభకు వెళ్ళివచ్చాడు. 1936 ఏప్రిల్‌లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీకి ఎన్నికయ్యాడు. పరిశ్రమలో పనిచేసే సేంద్రియ రసాయన శాస్త్రజ్ఞునికి ఆ గౌరవం అదే మొదటిసారి. 1934లో ఆయన బృందంలో చేరిన పాల్ ఫ్లోరీ అనే యువకుడు ఆయన ప్రోత్సాహంతోనే పాలిమర్ల గణితం వైపు మళ్ళి, 1974లో నోబెల్ బహుమతిని అందుకున్నాడు. తాను ఇతరులలో వెలిగించిన దీపం ఆయనకు కనిపించింది కాని తనలోని దీపం మాత్రం ఆరిపోయిందనే ఆయన నమ్మాడు. ఇకమీదట తన బుద్ధికి కొత్త ఆలోచన తట్టదని, తాను విఫలుడనని కుమిలిపోయేవాడు. చుట్టూ ఉన్నవారికి ఇది ఎంతమాత్రం నమ్మశక్యం కాని మాట. వ్యాధి మనిషి కళ్ళకు గంతలు కడితే తన విజయం తనకే కనిపించదు.

1936 ఫిబ్రవరిలో డ్యూపాంట్‌లోనే పనిచేస్తున్న హెలెన్ స్వీట్‌మన్‌ను వివాహం చేసుకున్నాడు. కొద్ది నెలలకే వ్యాధి ముదిరి ఫిలడెల్ఫియాలో మానసిక చికిత్సాలయంలో చేరవలసివచ్చింది. 1937 జనవరిలో ప్రాణప్రదమైన చెల్లెలు ఇసబెల్ న్యుమోనియాతో మరణించింది. రేడియోలో హాస్య నాటికలతో దేశమంతటినీ నవ్వించిన కళాకారిణి ఆమె. ఆ దెబ్బ నుంచి అన్నగారు తేరుకోలేకపోయాడు. నలభై ఒకటవ పుట్టినరోజు గడిచిన రెండవనాడు, 1937 ఏప్రిల్ 29న, ఫిలడెల్ఫియాలో తన ప్రాణాన్ని తానే తీసుకున్నాడు. అప్పటికి భార్య గర్భవతి. ఆ సంవత్సరం నవంబరులో కూతురు జేన్ జన్మించింది.

ఆయన తయారుచేసిన పోగుకు అప్పటికి పేరు కూడా పెట్టలేదు. 1938 అక్టోబరు 27న న్యూయార్క్‌లో జరిగిన ఒక మహిళా సభలో స్టైన్ దానిని నైలాన్ పేరుతో లోకానికి పరిచయం చేశాడు. 1940 మే 15న నైలాన్ మేజోళ్ళు అమెరికా అంతటా అమ్మకానికి వస్తే కొద్ది రోజులలోనే సుమారు 40 లక్షల జతలు అమ్ముడుపోయాయి. యుద్ధం రాగానే ఆ పోగే పారాచూట్లుగా, త్రాళ్ళుగా, విమానాల టైర్లలో బలంగా మారింది. తరువాతి దశాబ్దాలలో నైలాను చీర తెలుగునాట కూడా ఇంటింటికీ చేరింది. ఉతకటం సులభం, ఆరటం సులభం, చిరగటం అరుదు. దానితోపాటే ఒక హెచ్చరిక కూడా వచ్చింది. పొయ్యి దగ్గర నైలాను చీర కట్టుకోవద్దనీ, దీపావళినాడు నూలుబట్టలే తొడుక్కోవాలనీ పెద్దలు చెప్పేవారు. ఆ మాటలో శాస్త్రం ఉంది. నూలు కాలితే బూడిద అవుతుంది. నైలాన్ కరిగి చుక్కలుగా జారి, మరిగే లక్కలాగా ఒంటికి అతుక్కొని లోతుగా కాలుస్తుంది. నూలు త్వరగా మండదని మాత్రం దీని అర్థం కాదు.

బట్ట మండటమంటే నిజానికి బట్ట మండటం కాదు. వేడికి పోగులోని గొలుసులు తెగి వాయువులుగా మారుతాయి. మండేది ఆ వాయువులు. ఆ మంట వేడికి మరికొన్ని గొలుసులు తెగుతాయి. ఈ చక్రాన్ని ఆపాలంటే తేలికగా తెగని గొలుసు కావాలి. దానికి కీలకం బెంజీన్ వలయంలో దొరికింది. కరోథర్స్ పక్కన పెట్టిన పాలిఎస్టర్‌లో ఈ వలయం గల ఆమ్లాన్ని చేర్చి, 1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు టెరిలీన్‌ను తయారుచేశారు. వేడినీటికే మెత్తబడిన పోగు ఒక్క వలయంతో ఇస్త్రీపెట్టెకు నిలిచింది. ఇక ఆయన ఎమైడ్ గొలుసులోనే రెండువైపులా వలయాలను పెడితే?

డ్యూపాంట్‌లోనే ఆ పని జరిగింది. అయితే పాత పద్ధతి పనికిరాలేదు. ఆమ్లాన్ని, ఎమీన్‌ను కలిపి కాచి నైలాన్ చేస్తారు; వలయాల గొలుసు కరగవలసిన వేడికి ముందే చెడిపోతుంది. పాల్ మోర్గన్ బృందం ఆమ్లానికి బదులు ఎక్కువ చురుకైన ఆమ్ల క్లోరైడును వాడి, వేడి చేయకుండానే గొలుసును కట్టే ఉపాయం కనిపెట్టింది. అలా పుట్టిన పాలిమర్ కరగదు కనుక, ద్రావణిలో కలిపి సన్నని రంధ్రాల గుండా పోగు తీశారు. విల్‌ఫ్రెడ్ స్వీనీ కృషితో 1960ల దశకంలో అది నోమెక్స్ పేరుతో బయటికి వచ్చింది. సుమారు 370 డిగ్రీల సెల్సియస్ దాటినా అది కరిగి కారదు. బొగ్గుగా మారి దళసరి అవుతుంది. ఆ బొగ్గుపొరే మంటకూ ఒంటికీ మధ్య గోడ. ఉతికితే పోయే పూత కాదు, పోగు స్వభావమే అది. అగ్నిమాపక దళంవారు, విమాన చోదకులు, చమురుబావుల కార్మికులు, మోటారు పందెగాళ్ళు దీనినే తొడుగుతున్నారు. ఇదే కుటుంబంలో వలయాలను సూటిగా అమర్చిన మరొక పాలిమర్ నుంచి స్టెఫానీ క్వోలెక్ 1965లో తీసిన పోగు కెవ్లార్. తుపాకీ గుండును ఆపే కవచాలకు అది ప్రసిద్ధం.

నిప్పును తట్టుకొనే శక్తిని అంకెలతో కొలిచే పద్ధతి ఒకటి ఉంది. పోగు మండుతూ ఉండటానికి చుట్టూ ఉన్న వాయువులో కనీసం ఎంత శాతం ఆక్సిజన్ ఉండాలో చూస్తారు. గాలిలో ఉన్నది సుమారు 21 శాతం. పత్తికి 18 శాతం చాలు, అందుకే భగ్గుమంటుంది. నైలాన్‌కు 20 నుంచి 22 వరకు కావాలి. నోమెక్స్‌కు సుమారు 28 కావాలి కనుక మామూలు గాలిలో మంట తీసివేయగానే ఆరిపోతుంది.

దీనిని కూడా మించిన పోగు ఒకటి ఉంది. వలయాలకు వలయాలు అతుక్కొని ఉండే ఆ పాలిమర్ పేరు పాలిబెంజిమిడజోల్. దానికి కావలసిన ఆక్సిజన్ సుమారు 41 శాతం. మామూలు గాలిలో అది మండదు. 1967 జనవరి 27న అపోలో వ్యోమనౌకలో నేల మీదనే జరిగిన అగ్నిప్రమాదంలో ముగ్గురు వ్యోమగాములు మరణించిన తరువాత ఇటువంటి వస్త్రాల అవసరం మరింత స్పష్టమైంది. 1980ల దశకంలో ఈ పోగు వాణిజ్యస్థాయిలో తయారై అగ్నిమాపక దళాల కోటులలోకి చేరింది. దాని తొలి రూపాన్ని 1961లో హెర్‌వార్డ్ వోగెల్‌తో కలిసి సంశ్లేషణ చేసినవాడు, నలభై ఏళ్ళ క్రితం ఇలినాయ్‌లో కరోథర్స్‌కు స్నేహితుడైన ఆ కార్ల్ మార్వెలే.